తొమ్మిదడుగులు

పాత పోస్టాఫీసు వెనక సందులో
మోకాలెత్తున, గోడకో ఇనపరేకు.
అరచేతంత. అంచుల్ని ఉప్పుగాలి కొరికేసింది.
సున్నం మీద సున్నం, దాని మీద నీలం,
ఆపైన చింపగా మిగిలిన ఎన్నికల పోస్టరు జిగురు.
గోరుతో గీకితే అన్నింటి కిందా
ఒక ఎస్, ఒక వీ, ఒక తొమ్మిది.

మొత్తం పదకొండు దొరికాయి నాకు
రెల్లివీధి నుంచి సోల్జర్‌పేట ఎగువదాకా.
వార్డు సచివాలయంలో నా బల్ల మీదకి
కుళాయిలూ కాలవలూ తిట్లూ వచ్చిపడతాయి గానీ
ఇవేమిటో చెప్పే కాగితం ఒక్కటీ రాలేదు.

అడిగాను.
వాచీల హబీబుల్లా కంటి భూతద్దం తియ్యకుండానే
"ఓడలోళ్లవమ్మా, ఎస్ అంటే షిప్పు."
మరి వీ?
"వైజాగు కాదూ!"

ఎండుచేపల గంప దించుకుంటూ వాడమొదుల పోలమ్మ:
"మాయరోగం వొచ్చినప్పుడు దొరలు కొట్టించినారంట,
ఈ ఇంట తొమ్మిదిమంది పోనారని.
మా అత్త సెప్పీది.
దానికి ఈపు ఆనించనిచ్చీది కాదు."

పాతసామాన్ల సన్యాసిరావు కళ్లతోనే తూచేశాడు:
"కేజీంపావు. పోతఇనుము. పీకీమంటారా?"

ముగ్గురికీ తల ఊపాను.
ఓడా, చావూ, కేజీంపావూ
ఆ రేకు మూడింటికీ సరిపడా నల్లగా ఉంది.

గురువారం తెల్లారి నాలుగింటికి పైపు పగిలింది.
సందంతా నీళ్లు. చెప్పులు వాటంతటవే బయల్దేరాయి.
ఎక్కడ కట్టెయ్యాలో మ్యాపులో లేదు,
మ్యాపులో అసలు ఈ సందే లేదు.
ఎవరో వెళ్లి కోరాడ పైడయ్యని లేపుకొచ్చారు.
నీళ్ల డిపార్టుమెంటులో ఫిట్టరు చేసి
దిగిపోయి ఇరవయ్యేళ్లు.
లుంగీ, మఫ్లరు, తనకంటే పొడుగు ఇనప చువ్వ.

చువ్వ నేలకి ఆనించి, కొస చెవికి ఆనించి
కళ్లు మూసుకున్నాడు,
కడుపుతో ఉన్నదాని పొట్ట మీద మంత్రసాని చెవిలాగా.
తర్వాత నన్ను చూశాడు.
"ఎస్‌వీ అంటే స్లూయిస్ వాల్వు. ఇంత సదివినారు.
రేకుకి ఈపు పెట్టి నిలబడండి.
తిన్నగా తొమ్మిదడుగులు."

వీపు పెట్టాను.
చల్లగా తగిలింది, స్టెతస్కోపు బిళ్లలా.
తొమ్మిదడుగులు కొలిచాం. తవ్వించాం.
ఎర్రమట్టి.
ఒక గోలీ, ఒక విరిగిన దువ్వెన, మళ్లీ ఎర్రమట్టి.
నీళ్లు పిక్కల దాకా వచ్చాయి.
పైడయ్య మొహం చూడలేక గునపం కుర్రాణ్ని చూశాను.

అప్పుడు గట్టు మీంచి పోలమ్మ:
"గోడ జరిగింది కదేటి!
రోడ్డు ఎడల్పు సేసినప్పుడు
పడగొట్టి నాలుగడుగులు ఎనక్కి కట్టినారు.
నాను ఆ గోడ నీడనే సేపలమ్మీదాన్ని,
నా నీడ కూడా ఎనక్కెల్లిపోనాది.
మేస్త్రీ ఆ రేకుని మళ్లీ తెచ్చి అక్కడే బిగించినాడు
ఊడపీకితే ఏం దోసమోనని."

తొమ్మిదీ నాలుగూ.
పదమూడో అడుగున గునపం
ఖణ్‌మంది.

మూత. మూత కింద బురద. బురద కింద చదరపు తల.
పైడయ్య తిప్పుతూ పైకే లెక్కపెట్టాడు,
పద్నాలుగు చుట్లు.
చువ్వ మళ్లీ చెవికి.
"ఆగింది" అన్నాడు, ఎవరితోనో కాదు.
సందు ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే
మూసిన షట్టరు వెనకనుంచి
హబీబుల్లా గడియారాలు వినిపించాయి,
ఒక్కోటి ఒక్కో టైము చెబుతూ.

రిజిస్టరు తెరిచాను ఆ మధ్యాహ్నం.
రేకు ఎక్కడ, అంకె ఎంత,
గోడ జరిగిందా జరగలేదా:
మూడో గడి నేనే గీశాను.
దానికి సాక్షి అన్నచోట
పోలమ్మ వేలిముద్ర,
చేపపొలుసు ఒకటి అంటుకుని.

పది పూర్తయ్యాయి.
పదకొండోది సోల్జర్‌పేటలో, ఒక పాత మిద్దె మలుపు దగ్గర.
అక్షరం లేదు, అంకె లేదు,
రెండు మేకు బెజ్జాలూ మధ్యలో ఒక సొట్టా.
పైడయ్య తడిమి చూసి చెయ్యి తుడుచుకున్నాడు:
"ఇది మాది కాదు."

దానికీ వీపు పెట్టి కాసేపు నిలబడ్డాను.
ఎన్నడుగులో చెప్పలేదు.
'తెలియదు' అని రాసి సంతకం చేశాను.

సన్యాసిరావు మాత్రం
ప్రతి శనివారం తోపుడుబండి ఆపి
దాన్నోసారి కదిపి చూసి వెళుతున్నాడు.